కంపెనీకి కూర వాటా

దేముడమ్మ మెడ కాస్త ఎడమకు వాలి ఉంటుంది. పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళయిన ఏడాదే అత్తగారు ఆమె తలమీద చేపల గంప పెట్టింది. అత్తగారు పోయింది గానీ గంప దిగలేదు. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్లో వేలం పాడి చేపలు కొనడం, ఐసు కొట్టించి గంపలో సర్దడం, సిటీ బస్సెక్కి గాజువాక వెళ్ళడం, అక్కడ సందుసందుకీ తిరిగి అమ్మడం. కండక్టరు ఆమెకో టికెట్టు, గంపకో టికెట్టు కొట్టేవాడు. వాసనను మాత్రం బస్సులో వాళ్ళంతా ఉచితంగా పంచుకునేవాళ్ళు.

మూడేళ్ళ కిందట పెద్దాసుపత్రి డాక్టరు ఆమె మెడ ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చూసి, ఇంక గంప ఎత్తితే చెయ్యి పడిపోతుందని చెప్పాడు.

"ఏ సెయ్యి బాబూ?" అని అడిగింది దేముడమ్మ. కుడిచెయ్యి అయితే తక్కెడ పట్టుకోవడం కష్టం. ఎడమదైతే ఆలోచించవచ్చని ఆమె ఉద్దేశం.

"రెండూ," అన్నాడు డాక్టరు.

దాంతో బండి కావలసి వచ్చింది. వెనక ఐసు పెట్టె ఉన్న మూడు చక్రాల బ్యాటరీ బండి. బ్యాంకుకు వెళితే గుమాస్తా షాపు అడ్రసు చెప్పమన్నాడు. "నెత్తిమీద," అంది దేముడమ్మ. అతను నవ్వలేదు. కంప్యూటర్లో అలాంటి అడ్రసు పట్టదని చెప్పి పంపేశాడు. రోజువారీ వడ్డీ వాళ్ళు అడ్రసు అడగరు, వాళ్ళకు ఇల్లు ముందే తెలుసు. అందుకే వాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

అలాంటప్పుడు సింహాద్రి వచ్చాడు.

వన్ టౌన్‌లో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు పైన 'షిర్కత్ సాథీ' అని ఒక కంపెనీ ఉంది. ఇస్లాం పద్ధతిలో, వడ్డీ లేకుండా, ఫోనులోని యాప్ ద్వారానే చిల్లర వ్యాపారులకు పెట్టుబడి సమకూర్చడం దాని పని. టిఫిను బండ్లు, పంక్చరు కొట్లు, కుట్టుమిషన్లు, దేనికైనా ఇస్తుంది. మతం అడగదు, వ్యాపారం అడుగుతుంది. ఆ కంపెనీ తరఫున వీధుల్లో తిరిగే ఉద్యోగి సింహాద్రిది పెందుర్తి అవతల ఒక రైతు కుటుంబం. నుదుట అప్పన్న బొట్టు లేకుండా ఇల్లు కదలడు. శిక్షణలో నేర్పిన అరబ్బీ మాటలను కూడా అతను మంత్రాల్లాగే, అర్థం కన్నా ఉచ్చారణ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టి పలుకుతాడు.

"వడ్డీ నేదంతన్నావు," అంది దేముడమ్మ. "మరి మీ కంపెనీకి ఏటి మిగులుతాది? పున్నెమా?"

"పొత్తు పిన్నీ. ముషారకా అంతారు. బండి నువ్వూ కంపెనీ కలిపి కొంతారు. ముందు కంపెనీ ముక్క పెద్దది, నీ ముక్క సిన్నది. నెలనెలా కంపెనీ ముక్క కొంచెం కొంచెం నువ్వు కొనుక్కుంతావు. అందాకా ఆ ముక్కకి అద్దె కడతావు. ఆకరికి బండంతా నీదే."

"బండికి ఏటైనా అయితే?"

"ఎవుల ముక్క ఆళ్ళకి పోతాది."

గుమ్మంలో వల బాగుచేస్తున్న ఆమె మొగుడు నీలకంఠం తల ఎత్తాడు. మోకాళ్ళు మొరాయించి పడవ మానేశాక అతనికి మిగిలిన పని వలలూ, వ్యాఖ్యానాలే.

"అయితే పడవ పొత్తేనన్నమాట," అన్నాడు.

"అదే మావా, అచ్చం పడవ పొత్తే," అన్నాడు సింహాద్రి, ఆ నెల టార్గెట్టు గుర్తొచ్చి. ఈ కథలో అతను చేసిన తప్పంతా ఆ ఒక్క మాటే.

రైతు బిడ్డకు పడవ పొత్తు అంటే తెలియదు. దేముడమ్మ వాళ్ళ పేటలో పడవ ఒడ్డుకు రాగానే చేపలు వేలానికి పోవు. ముందు కుప్పలోంచి దోసెళ్ళతో తీసి పొత్తుదారులందరికీ ఇంటి కూరకు వేరుగా పెడతారు. దానికి ధర లేదు, లెక్క లేదు. పొత్తులో ఉన్నవాడు ఆ రోజు సముద్రానికి వెళ్ళకపోయినా, ఆసుపత్రిలో పడి ఉన్నా, కూర వాటా అతని ఇంటికి వెళ్ళాల్సిందే. వాటా చిన్నదైతే కూరా చిన్నది, అంతే తేడా. పంపకపోతే అతన్ని పొత్తులోంచి తోసేసినట్టు. పంపింది అతను తిప్పికొడితే వీళ్ళను వదులుకున్నట్టు. అప్పుడిక మాటలుండవు, కత్తి పెట్టి వల కోసి ఎవరి ముక్క వాళ్ళు పట్టుకుపోతారు.

బండి వచ్చింది. గంగాలమ్మ గుడి ముందు కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప సింహాద్రి చేతిలో పెట్టింది దేముడమ్మ. "మీ కంపెనీది," అంది. సింహాద్రి చిప్పను ఫోటో తీసి యాప్‌లోకి ఎక్కించాడు. ఏదీ దాచకూడదని శిక్షణలో చెప్పారు. అతను చెప్పినవన్నీ చేసే రకం.

తర్వాతి ఆదివారం ఆమె అరటాకులో చుట్టి ఒక పొట్లం ఇచ్చింది.

"ఇదేటి పిన్నీ?"

"మీ కంపెనీ కూర. గులివింద సేపలు. పులుసెట్టుకుంతే బాగుంతాయి."

"కంపెనీ తినదు పిన్నీ."

"పొత్తుకొచ్చినోడు తినడేటి? నువ్వు తినవా?"

"నాను తింతాను గానీ..."

"మరింకేటి? కంపెనీ తరఫున నువ్వు తిను."

కంపెనీ తరఫున సింహాద్రి తిన్నాడు. వాళ్ళమ్మ ఒక వారం పులుసు పెట్టింది, ఒక వారం వేపుడు చేసింది. వంజరం వచ్చిన వారం పక్కింటివాళ్ళకు కూడా గిన్నెడు పంపింది. ప్రతి పొట్లాన్నీ అతను విప్పి, ఫోటో తీసి, 'ఇతర రాబడి' అన్న చోట యాప్‌లోకి ఎక్కించాడు. ఆ ఫోటోలను మనుషులు చూడరు. ఎక్కడో ఉన్న యంత్రం చూస్తుంది. అది కొన్నాళ్ళు చేపలను గుర్తుపట్టలేదు. తర్వాత నేర్చుకుంది.

మరుసటి మే నెలలో ఆఖరి ఆదివారం. గాజువాకలో ఒక సందు మధ్య, మూడు కేజీల కానాగడతలు తూచి సంచిలో వేస్తుండగా, బండి చిన్నగా మూలిగి ఆగిపోయింది. ఐసు పెట్టెలో తిరిగే ఫ్యాను కూడా ఆగింది. బండి సీటు కింద సిమ్ కార్డు ఉన్న చిన్న డబ్బా ఒకటుంది. కంపెనీ ఎక్కడినుంచైనా బండిని ఆపగలదు. దేముడమ్మ ఫోనుకు సందేశం వచ్చింది. బండి వచ్చాక తనూ తోడుగా వస్తున్న నీలకంఠం కూడబలుక్కుని చదివాడు.

"మీ ఖాతాలో అనుమానాస్పద అదనపు రాబడి గుర్తించబడింది. పరిశీలన పూర్తయ్యే వరకు వాహనం నిలిపివేయబడింది."

"అంటే ఏటి?"

"మనకేదో ఎక్కువొచ్చిందట. అందుకని ఆపీసినారు."

"మనకెక్కడొచ్చింది?" అంది దేముడమ్మ, గల్లాపెట్టె తెరిచి చూసి.

బండి ఆగింది పోలిరాజు వెల్డింగు కొట్టు ఎదురుగా. నీలకంఠానికి పాత స్నేహితుడు. అతను వచ్చి బండి కింద దూరి చూసి, "ఇనుములో లోపం నేదు బావా. ఇది సదువుకున్నోళ్ళ లోపం," అని తేల్చాడు.

ఫోను చేస్తే సింహాద్రి మోటారు సైకిలు మీద వచ్చాడు. అతని ఫోనులో కంపెనీ మేనేజరు అనూరాధ. ఆమె గొంతు అందరికీ వినబడేలా పెట్టాడు.

"మా దగ్గర డబ్బు తీసుకున్నవాళ్ళ నుంచి మేం కానుక తీసుకుంటే అది వడ్డీ కిందే లెక్క సింహాద్రిగారూ. మీరు ఇన్ని నెలలుగా చేపలు తీసుకుని, పైగా ఫోటోలు పెట్టారు! వెంటనే తిరిగి ఇచ్చేయండి. అన్నీ."

"మేడం, అవి తినేశాను."

"కొని ఇవ్వండి. అదే రకం, అదే బరువు. ఫోటో పెట్టగానే లాక్ తీయిస్తాను."

సింహాద్రి చుట్టూ చూశాడు. ఆ ఎండలో ఆ సందులో చేపలు అమ్మే మనిషి ఒక్కతే ఉంది. ఐసు పెట్టె మూత ఎత్తి, "పిన్నీ, ఈ వంజరం ఎంత?" అన్నాడు.

వ్యాపారం వ్యాపారమే. దేముడమ్మ ధర చెప్పింది. అతను బేరమాడాడు. ఆమె పావు వంతు తగ్గించి, తూచి, డబ్బు లెక్కపెట్టుకుని బొడ్లో దోపుకుంది. సింహాద్రి ఆ చేపను ఒక చేత్తో పట్టుకుని తిరిగి ఆమెకే ఇవ్వబోయాడు. రెండో చేతిలో ఫోటోకు ఫోను సిద్ధంగా ఉంది. అంచేత చేప ఒక పక్కకు జారుతోంది.

"ఇదేటి?"

"నువ్విచ్చిన కూర, పిన్నీ. కంపెనీ తిప్పేత్తంది. ఇలా సూడు, ఫోటో."

దేముడమ్మ ముఖం మారిపోయింది. చేపను ముట్టుకోలేదు.

"కూర తిప్పేత్తన్నారా? ఏడాది తిని, ఇప్పుడు తిప్పేత్తన్నారా? నానేటి తక్కువ సేసినాను? వంజరం దొరికిన్నాడు వంజరమే ఎట్టినాను. మా ఇంట్లో ఆ రోజు నెత్తళ్ళు తిన్నాం!"

"నీ మీద కోపం గాదు పిన్నీ, రూలు..."

"సాల్లే. పొత్తు ఒగ్గీసినట్టు సెప్పు. పోలిరాజు అన్నయ్యా, ఆ గ్యాస్ కట్టరు బైటికి తే."

సింహాద్రికి ముందు అర్థం కాలేదు. నీలకంఠం విడమరచి చెప్పాడు. పొత్తు తెగితే వల కోస్తారు. ఇది వల కాదు కాబట్టి బండి కోస్తారు. కత్తి చాలదు కాబట్టి కట్టరు. కంపెనీ ముక్క కంపెనీ తీసుకుపోవచ్చు.

పోలిరాజు బండి పొడవు టేపుతో కొలిచాడు. కంపెనీ వాటా ఇంకా సగానికి కొంచెం పైనే ఉంది. వెనకనుంచి అంత కొలిచి సుద్దముక్కతో గీత గీశాడు. గీత సరిగ్గా ఐసు పెట్టె మీదుగా పోయింది. వెనక చక్రాలు రెండూ, బ్యాటరీ, పెట్టెలో పెద్ద భాగం కంపెనీకి వచ్చాయి. ముందు చక్రం, హ్యాండిలు, సీటు, హారను దేముడమ్మకు వచ్చాయి.

"బావా, కోసినాక కంపెనీ ముక్క రెండు సక్రాల మీద ఎలగోలా నిలబడతాది. మీది పడిపోద్ది," అన్నాడు పోలిరాజు.

"మాది పడిపోడం ఏటి కొత్త? హారనుంది గదా," అన్నాడు నీలకంఠం.

ఇంతలో సంచిలో కానాగడతలు పెట్టుకుని నిలబడ్డ ఆడమనిషి ఇంకో కేజీ అడిగింది. దేముడమ్మ పెట్టెలోకి తొంగి చూసింది. కానాగడతలన్నీ గీతకు అవతల ఉన్నాయి.

"అయి కంపెనీయి అమ్మా. ఆయన్నడుగు," అంది సింహాద్రిని చూపించి.

"కేజీ ఎంత బాబూ?" అని ఆవిడ అతన్నే అడిగింది. చేపలు అమ్మడానికి కంపెనీ తనకు అధికారం ఇవ్వలేదని సింహాద్రి చెప్పాడు. "మరెందుకురా ఉద్యోగం?" అని ఆవిడ వెళ్ళిపోయింది.

అప్పుడే అతను ఒకటి చూశాడు. బండి వెనక కొక్కేనికి పాత గంప వేలాడుతూ ఉండేది. అలవాటు కొద్దీ ఉంచుకుందనుకునేవాడు. దేముడమ్మ ఆ గంప దించి, గీతకు ఇవతల ఉన్న చేపలన్నీ అందులో వేసింది. పైట చెంగు మెలిపెట్టి చుట్టకుదురు చేసి తలమీద పెట్టుకుంది. నీలకంఠం వ్యాఖ్యానాలు ఆపేశాడు.

"ఒలే, ఒద్దే. డాక్టరు ఏటన్నాడు?"

"రెండు సేతులూ అన్నాడు. ఈ సేపలు అమ్మేదాకా ఆగుతాయిలే. నువ్వు ఒక కొస పట్టుకో, బేగి."

సింహాద్రి ఫోను దగ్గరికి దాదాపు అరిచాడు. "మేడం! బండి కోసేస్తున్నారు! గంప ఎత్తేస్తోంది! ఆవిడకు మెడ... మేడం, ఎవరితోనైనా మాట్లాడండి!"

షిర్కత్ సాథీలో అలాంటి సంగతులు తేల్చే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. హైదరాబాదులో ఉండే మౌలానా. పద్ధతి ప్రకారం జరుగుతోందని ఆయన సంతకం పెడితేనే కంపెనీ నడుస్తుంది. అనూరాధ ఆయన్ను ఫోనులో కలిపింది. వెనక గిన్నెల చప్పుడు, జనం గోల వినిపించాయి. ఆయన తెలుగు నెమ్మదిగా, ఒక్కో మాటా నిలబెట్టి మాట్లాడతాడు.

"అమ్మా, బండి కోయడం కాసేపు ఆపించండి. పెళ్ళి భోజనంలో ఉన్నాను. నేను కూడా బిర్యానీ ఆపాను."

"ఆపినాం బాబూ. బేగి సెప్పండి, ఐసు కరిగిపోతంది."

"ఈ చేపలు ఎందుకిచ్చారు? ఇస్తే వాయిదా తగ్గిస్తారనా?"

"నేదు."

"ఆలస్యమైతే ఊరుకుంటారనా?"

"ఆళ్ళా? ఒక్క రోజు లేటయితే పొద్దుట, మజ్జానం, సందేళ ఫోన్లు సేత్తారు!"

"మరెందుకు?"

"పొత్తుకొచ్చినారు గదా. పొత్తులో ఉన్నోడింట కూరుడక్కపోతే మా ఇంట్లో ఎలాగుడుకుతాది?"

"బాగుంది. మరి మీ పొత్తులో నష్టమొస్తే?"

"అందరం ఏడుత్తాం."

"వాటా ప్రకారమా?"

నీలకంఠం కల్పించుకున్నాడు. "ఏడుపుకి వాటాలేటి బాబూ? ఎవులికి ఎంతొత్తే అంత."

అటువైపు నవ్వు వినిపించింది. తర్వాత ఆయన అన్నాడు. "అనూరాధగారూ, రెండు దారులున్నాయి. ఇది కానుక అంటే తిరిగి ఇవ్వాలి. ఆమె తీసుకోదు, బండి కోస్తారు. పొత్తులో వాటా అంటే ఉంచుకోవచ్చు. కానీ వాటా అన్నాక నష్టంలో కూడా వాటాయే. ఈ రోజు బండి ఆపింది ఎవరు?"

"సిస్టం," అంది అనూరాధ.

"పాడైన చేపలు సిస్టం తీసుకుంటుందా?"

"లేదండి."

"అయితే మీరే తీసుకోవాలి. ఏ దారో చెప్పండి, ఇక్కడ అన్నం చల్లారుతోంది."

అనూరాధకు కనిపించింది ఒక్కటే. నెలాఖరు లెక్కల్లో రెండు ముక్కలైన బండిని చూపించడానికి యాప్‌లో చోటు లేదు. "వాటా అండి," అంది.

లాకు తీసే అంకెలు సింహాద్రి ఫోనుకు వచ్చాయి, అతను నొక్కాడు, సీటు కింద డబ్బా కూసింది. ఫ్యాను తిరిగింది. నీలకంఠం తన పెళ్ళాం చేతుల్లోంచి గంప లాగేసుకుని కొక్కేనికి తగిలించాడు. ఆమె చుట్టకుదురు విప్పి మెడ తుడుచుకుంది. అప్పుడు పెట్టె తెరిచింది.

పైవరసలు చెడిపోయాయి. కళ్ళు తెల్లబడ్డాయి, చర్మం మెత్తబడింది. దేముడమ్మ బాగున్నవి ఒక పక్కకు తీసింది. చెడ్డవాటిని రెండు కుప్పలు పోసింది. కంపెనీ కుప్ప కొంచెం పెద్దది.

"సింహాద్రీ, బండెక్కు."

"ఎక్కడికి పిన్నీ?"

"మీ ఆఫీసుకి. నష్టం సల్లగా ఉన్నప్పుడే అందియ్యాల."

ఆదివారమైనా నెలాఖరు లెక్కల కోసం ఆఫీసు తెరిచి ఉంది. చేపలు మెట్లెక్కాయి. ఏసీ గదిలో, గాజు బల్ల మీద, అరటాకులో కంపెనీ నష్టం పరిచారు. అనూరాధ చున్నీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని సంతకం చేసింది. సింహాద్రి ఫోటో తీసి యాప్‌లోకి ఎక్కించాడు. కింద ఉల్లిపాయల సేటు మెట్ల దగ్గర నిలబడి అడిగాడు, "ఉల్లిపాయలు మావి ఉన్నాయి, చేపలు మీవి ఉన్నాయి. మసాలా ఎవరిది?"

ఆ గదిలో మర్నాడు ఎవరూ కూర్చోలేకపోయారు. కానీ లెక్క సరిపోయింది. వారం తిరగకుండా యాప్‌లో 'కూర' అని కొత్త గడి వచ్చింది. ఆ గడి ఎందుకని ఇప్పటికీ ఇస్త్రీ బండి వాళ్ళూ, పంక్చరు కొట్టు వాళ్ళూ సింహాద్రిని అడుగుతుంటారు. మీకు కాదులెండి అని చెబుతాడు.

దేముడమ్మ వాటా ధర్మం తప్పలేదు. నెలనెలా కంపెనీ ముక్క తగ్గుతున్న కొద్దీ కూరా తగ్గింది. వంజరం ముక్కలు పోయి కానాగడతలు వచ్చాయి, అవి పోయి కవళ్ళు, ఆ తర్వాత గుప్పెడు నెత్తళ్ళు. పెందుర్తిలో సింహాద్రి తల్లికి ఇదేమీ నచ్చలేదు. "మీ కంపెనీ మునిగిపోతందేటిరా?" అని అడిగింది. వ్యాపారం బాగున్నందుకే కూర తగ్గుతోందని ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు.

కిందటి నెల ఆఖరి వాయిదా కట్టింది. కట్టేముందు కంపెనీకి మిగిలింది బండిలో ఒక నట్టంత కూడా లేదు. సీటు కింద డబ్బా విప్పడానికి సింహాద్రి స్క్రూడ్రైవరుతో గాజువాక వచ్చాడు. ఆఖరి కూర అందినట్టు ఫోటో ఎక్కితే తప్ప బండిని ఆమె పేరిట రాయడానికి యాప్ ఒప్పుకోదు. దేముడమ్మ ముందే సిద్ధం చేసి ఉంచింది. పూర్తి అరటాకు. దాని మధ్యలో ఒక రొయ్య.

సింహాద్రి వంగి ఫోటో తీశాడు. 'స్పష్టంగా లేదు, దగ్గరగా తీయండి' అంది యాప్. దగ్గరగా తీశాడు. మళ్ళీ అదే మాట. పోలిరాజు కొట్టులోంచి వెలుగు కోసం లైటు తెచ్చాడు. నీలకంఠం రొయ్య మీసాలు దువ్వాడు.

"ఇంకా దగ్గరికెట్టు," అంది దేముడమ్మ సీటు మీద కూర్చుని, హ్యాండిలు మీద చెయ్యి తీయకుండా. "సముద్రంలోంచి వొచ్చిందానికి సిగ్గెక్కువ."

నాలుగోసారికి పచ్చ గుర్తు పడింది. డబ్బా ఊడింది. దాన్ని జేబులో వేసుకుని, రొయ్యను ఆకులో చుట్టుకుని సింహాద్రి నిలబడ్డాడు. వంగకుండా, మెడ తిప్పకుండా దేముడమ్మ అద్దంలో అతన్ని ఒకసారి చూసింది.

"సింహాద్రీ, ఇంక మీ కంపెనీకి కూర నేదు, సెప్పీ."

"సెప్తాను పిన్నీ."

"కూరగావాలంతే కొనుక్కోమను. నీకు పావు వంతు తగ్గిత్తాను."

హారను కొట్టుకుంటూ బండి సందు మలుపు తిరిగింది. వెనక కొక్కేనికి గంప లేదు. ఆ ఉదయమే పోలిరాజుకు ఇచ్చేసింది. అతను దాన్ని కొట్టు ముందు బోర్లించి, వచ్చినవాళ్ళను కూర్చోమంటున్నాడు.